బీపీ మాత్రల వల్లే కిడ్నీలు పాడవుతాయా?

‘బీపీ మాత్రలు ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు పోతాయటగా డాక్టరుగారూ?’ ఓపీలో తరచూ వినే ప్రశ్న ఇది. ఆ భయంతోనే బీపీ కాస్త తగ్గగానే మాత్ర మానేస్తుంటారు. కొన్నేళ్లకు కాళ్ల వాపుతో వస్తారు. అప్పటికి కిడ్నీ దెబ్బతిని ఉంటుంది. నింద మాత్రం మాత్ర మీద పడుతుంది.

నిజానికి బీపీని నడిపించే అవయవాల్లో కిడ్నీ ఒకటి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసి గేట్లు ఎత్తి దించినట్టే, కిడ్నీలోనూ ఓ కాపలా ఉంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు రక్తాన్ని వడపోస్తాయి. అక్కడికి రక్తం తెచ్చే సన్నటి నాళం గోడలో జక్స్టాగ్లోమెరులర్ కణాలుంటాయి. పీడనం తగ్గితే అవి పసిగడతాయి. పక్కనే ఉండే మాక్యులా డెన్సా కణాలు వడపోసిన ద్రవంలో ఉప్పును గమనిస్తాయి. ఏది తగ్గినా రెనిన్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో యాంజియోటెన్సిన్-2 తయారై రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆల్డోస్టిరాన్ ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలుపుతుంది. బీపీ పెరుగుతుంది. విరేచనాలై నీరసించినప్పుడు మనల్ని నిలబెట్టేది ఈ ఏర్పాటే.

అయితే బీపీ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే వడపోత గుచ్ఛాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న కిడ్నీ బీపీని మరింత పెంచుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు అడ్డుకునేది ఈ విషవలయాన్నే. మూత్రంలో ప్రొటీన్ పోవడాన్నీ తగ్గిస్తాయి. అంటే చాలామందిలో ఇవి కిడ్నీకి రక్షణే.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఇవి మొదలుపెట్టాక డాక్టరు చెప్పినప్పుడు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోవాలి. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే వెంటనే డాక్టరును అడగాలి. గర్భిణులు వీటిని వాడకూడదు.

కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం, మన ఎన్టీఆర్ జిల్లాలోని ఎ.కొండూరు తండాలు గుర్తొస్తాయి. పట్టణ కుటుంబాల్లో మాత్రం ప్రధాన శత్రువులు షుగరు, బీపీ. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో సొంతంగా కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వీటికి తోడవుతున్నాయి. కిడ్నీకి హాని చేసేవి అవి. వాటిని నిర్భయంగా మింగి, బీపీ మాత్రకు భయపడుతున్నాం!

రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించకూడదు. ఆవకాయలో, అప్పడంలో ఉన్నదీ ఆ లెక్కలోదే. బీపీ ఉన్నవారు ఏడాదికోసారైనా క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. పక్కింటివారి మాట విని మాత్ర మానకండి. మానాలనిపిస్తే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి.