పేరు కూడా అమానతే

దుబాయిలో ఉద్యోగం దొరికిన మన న్యాయవాది నల్లకోటును ఇక్కడే వదిలి వెళ్లవలసి వస్తుంది. అక్కడి స్థానిక న్యాయస్థానాల భాష అరబీ. వాటిలో వాదించే హక్కు ప్రధానంగా ఎమిరాతీ పౌరులదే. విదేశీయులు సాధారణంగా న్యాయ సలహాదారులుగానే పనిచేస్తారు. పూర్తికాలపు జీతానికి కుదిరిన న్యాయవాది ఆ సంగతిని తన బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు మానాలని భారత బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతోంది.

సలహాదారుగా ఉంటూ వకీలునని చెప్పుకోవడం చిన్న అతిశయంగా తోచవచ్చు. కాని ఆ పేరును నమ్మి ఒకరు తమ వ్యాజ్యాన్ని అప్పగిస్తారు, మరొకరు తమ కుమార్తెను నికాహ్ చేసి ఇస్తారు. దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆజ్ఞతోనే ఆరంభమవుతుంది. పరుల ఒప్పందాలను సరిచూసేవారు ముందుగా తమ పరిచయంలో సత్యం పలకాలి. హలాల్ సంపాదనకు అదే తొలి మెట్టు.