తాగుడు మానాలంటే భక్తుడు కావాలా?

మద్య వ్యసనం ఒక వ్యాధి. ఈ మాటను నేడు వైద్యులెవరూ కాదనరు. అయితే నోటితో వ్యాధి అంటూనే, చికిత్స దగ్గరకు వచ్చేసరికి దానిని పాపంగానే చూస్తున్నాం. మధుమేహ రోగికి ఇన్సులిన్ ఇచ్చే ముందు నీకు దైవభక్తి ఉందా అని అడగం. క్షయ రోగికి మందులిస్తూ, ముందు ప్రార్థన చేసి రమ్మని షరతు పెట్టం. తాగుడు మానదలచిన మనిషికి మాత్రం ఉదయం భజన, సాయంత్రం ప్రార్థన, మధ్యలో దేవుని పటం ముందు ఒక ప్రమాణం చికిత్సగా చలామణి అవుతున్నాయి. విశ్వాసం ఉన్నవారికి ఇవి ఊతమైతే సంతోషమే. విశ్వాసం లేనివాడి సంగతేమిటి? బాగుపడే హక్కు అతనికి లేదా?

సమస్య పరిమాణం చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 43.3 శాతం, స్త్రీలలో 6.7 శాతం మద్యం సేవిస్తున్నారు. 2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక, దేశంలో 5.7 కోట్లకు పైగా ప్రజలకు మద్యం విషయంలో సహాయం అవసరమని తేల్చింది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందుతున్నారని కూడా ఆ నివేదికే చెప్పింది. అసలే ఇరుకైన ఆ ద్వారానికి మనం విశ్వాసమనే గడియ కూడా బిగించాం.

నాచారం పారిశ్రామికవాడలో సాయంత్రం షిఫ్టు ముగిసే వేళ ఒకసారి నిలబడి చూడండి. అలసిన మనిషిని పలకరించడానికి వైన్ షాపు పక్కనే పర్మిట్ రూమ్ ఉంటుంది, కల్లు కాంపౌండ్ ఉంటుంది, రా అన్నా అని పిలిచే స్నేహితుడు ఉంటాడు. అక్కడ అతని కులం, మతం, నమ్మకం ఎవరూ అడగరు. తాగించే చోట లేని షరతు, మాన్పించే చోట ఎందుకు?

దీక్ష చేసే మేలు, చేయలేని మేలు

మన ప్రాంతంలో తాగుడు మానడానికి అందరికీ తెలిసిన మార్గం అయ్యప్ప మాల. ఏడాది పొడవునా తాగినవాడు మండల కాలం, అంటే 41 రోజులు, చుక్క ముట్టడు. ఇది కళ్లెదుట కనిపించే సత్యం. దానిని తేలికచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ ఆ 41 రోజుల్లో ఏం జరుగుతున్నదో వైద్యుని కంటితో చూడండి. నిన్నటిదాకా తాగుబోతు అన్నవారే ఇవాళ ‘స్వామీ’ అని పిలుస్తారు. తెల్లవారుజామున స్నానం, వేళకు భోజనం, సాయంత్రం తోటివారితో కలిసి కూర్చోవడం అతని దినచర్య అవుతాయి. సందేహం వస్తే అడగడానికి గురుస్వామి ఉంటాడు. మాల వేసుకున్న మనిషి వైన్ షాపు ముందు నిలబడితే వీధి వీధంతా కాపలా కాస్తుంది. గౌరవం, క్రమం, తోడు, కాపలా అనే నాలుగూ ఏకకాలంలో దొరికితే మనిషి నిలబడతాడు.

మరి 42వ రోజు? మాల తీయగానే ఆ నాలుగూ ఒక్కసారిగా మాయమవుతాయి. మళ్లీ గ్లాసు పట్టినవాణ్ణి చూసి భక్తి చాలలేదంటారు. చాలనిది భక్తి కాదు, తోడు. సంవత్సరం పొడవునా అందవలసిన తోడును మనం 41 రోజులకే కుదించాం. విశ్వాసం లేనివానికైతే ఆ 41 రోజులు కూడా లేవు.

పన్నెండు మెట్ల దారి

ప్రపంచమంతటా పేరున్న మద్యవిముక్తి బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే వైద్యుడు కలిసి దీనిని ప్రారంభించారు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి అది పుట్టింది. 1939లో అచ్చయిన దాని పన్నెండు మెట్లలో సగం దాకా దేవుని గురించో, మనకంటే గొప్ప శక్తి గురించో ప్రస్తావిస్తాయి. తొలి సభ్యుల్లోనే జిమ్ బర్వెల్ వంటి నాస్తికులు అభ్యంతరం చెప్పగా, ఎవరు అర్థం చేసుకున్న దేవుడు వారికే అనే సవరణ చేర్చారు.

ఏఏ చేసిన మేలు అపారం. రుసుము లేదు, పేరు బయటపెట్టరు, అర్ధరాత్రి ఫోన్ చేసినా పలికే మనిషి ఉంటాడు. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది సమాచారాన్ని సమీక్షించింది. పూర్తిగా మానివేసి నిలబడే విషయంలో ఏఏ వైపు నడిపించే చికిత్స ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని కూడా చెప్పింది. నాస్తిక మిత్రులు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. వైజ్ఞానిక దృష్టి అంటే మనకు నచ్చని ఫలితాన్ని కూడా అంగీకరించడమే.

అయితే ఏఏ ఎందుకు పనిచేస్తున్నదని పరిశోధకులు తరచి చూసినప్పుడు ప్రధానంగా కనిపించినవి రెండు. తాగే స్నేహితుల స్థానంలో తాగని స్నేహితులు రావడం ఒకటి, నేను మానగలను అనే నమ్మకం పెరగడం మరొకటి. వ్యసనం బాగా ముదిరినవారిలో ఆధ్యాత్మికత కూడా కొంత తోడ్పడింది. అందరిలోనూ పనిచేసింది మాత్రం మనుషుల సాంగత్యం. ఆ సాంగత్యం ఏర్పరచడానికి దేవుడు తప్పనిసరి కాదు.

వృత్తిలో ఉన్న రోజుల్లో నా దగ్గరకు నాచారం నుంచి ఒక ఫిట్టరు వచ్చేవాడు. ఒక డీ-అడిక్షన్ కేంద్రం నుంచి సగంలోనే బయటకు వచ్చేశాడు. కారణం అడిగితే అన్నాడు: “డాక్టర్ సాబ్, వణుకు తగ్గింది. గానీ ఆడ రోజూ మొక్కినట్టు అబద్ధమాడాల్సి వచ్చింది. తాగినప్పుడు ఇంట్ల అబద్ధాలే, మానేటప్పుడు గూడ అబద్ధాలేనా?” వ్యసనానికి మొదటి పోషణ అబద్ధమే. తాగలేదని భార్యకు చెప్పే అబద్ధం, రేపటి నుంచి మానేస్తానని తనకు తాను చెప్పుకునే అబద్ధం. అటువంటి మనిషికి చికిత్స పేరుతో ఇంకొక అబద్ధాన్ని అలవాటు చేయడం వైద్యం కాదు.

ఇతర దారులు ఉన్నాయి

దేవుని ప్రసక్తి లేని బృందాలు కొత్తవేమీ కావు. 1975లో చికాగోలో ఏఏ లోపలే నాస్తికుల కోసం ఒక సమావేశం మొదలైంది. అదే కాలంలో జీన్ కర్క్‌పాట్రిక్ అనే విదుషి స్త్రీల కోసం ప్రత్యేకంగా విమెన్ ఫర్ సొబ్రైటీ స్థాపించింది. నేను అశక్తురాలను అని ఒప్పుకోవడంతో మొదలయ్యే దారి, అప్పటికే అణగారిన స్త్రీకి సరిపడదని ఆమె వాదన. 1985లో జేమ్స్ క్రిస్టఫర్ మూఢనమ్మకం లేని మద్యవిముక్తి గురించి వ్యాసం రాసి, ఆ వెంటనే ఒక లౌకిక సంస్థను ప్రారంభించాడు. 1994 నుంచి స్మార్ట్ రికవరీ నడుస్తున్నది. తర్వాత లైఫ్‌రింగ్ వచ్చింది.

స్మార్ట్ రికవరీ సమావేశంలో చేసేది నాలుగు పనులు. మానాలన్న సంకల్పాన్ని నిలబెట్టుకోవడం, తాగాలన్న తహతహను దాటడం, ఆలోచనలనూ ఉద్రేకాలనూ అదుపులో ఉంచుకోవడం, సమతుల్యమైన జీవితాన్ని కట్టుకోవడం. తాగితే లాభమేమిటి, నష్టమేమిటి, మానితే లాభమేమిటి, నష్టమేమిటి అని ఒక కాగితంపై నాలుగు గడులు గీసి రాయిస్తారు. జీతం రోజున ఏ దారిన ఇంటికి వెళ్లాలి, పెళ్లిలో గ్లాసు చేతికిస్తే ఏమనాలి వంటివి ముందుగానే సాధన చేయవచ్చు. ఇందులో మంత్రం లేదు, లెక్క ఉంది.

ఇవి పనిచేస్తాయా? 2018లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం ఈ బృందాలను పన్నెండు మెట్ల బృందాలతో పోల్చింది. పూర్తిగా మానాలన్న లక్ష్యం ఎవరికి ఎంత ఉందో లెక్కలోకి తీసుకున్నాక, మనస్ఫూర్తిగా పాల్గొన్నవారికి ఏ బృందంలోనైనా దాదాపు సమానమైన మేలే కనిపించింది. కాబట్టి ఎవరికి ఎక్కడ మనసు నిలుస్తుందో అక్కడికే పంపాలి.

ఇది హక్కు కూడా

దైవ ప్రస్తావన ఉన్న కార్యక్రమానికి ఖైదీలను బలవంతంగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా న్యాయస్థానాలు 1996లోనే చెప్పాయి. 2007లో హవాయికి చెందిన ఒక బౌద్ధుని విషయంలో అదే మాట మళ్లీ చెప్పాయి. మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చి, మతం ప్రాతిపదికన వివక్ష లేని చికిత్సను హక్కు చేసింది. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి ఉండాలని ఆదేశించింది. పుట్టిన బిడ్డకు ఉన్న ఆ గడి, మానదలచిన పెద్దవానికి చికిత్సా కేంద్రంలో ఉండవద్దా?

హేతువాదులకు ఒక మాట

దోషమంతా విశ్వాసులదే అంటే అన్యాయం. తెలుగునాట నాస్తికోద్యమానికి ఘనమైన చరిత్ర ఉంది. గోరా 1940లో ముదునూరులో ప్రారంభించిన నాస్తిక కేంద్రం తర్వాత విజయవాడకు వచ్చి దశాబ్దాలుగా పనిచేస్తున్నది. నిప్పులపై నడిచి చూపి భయాలు పోగొట్టినవారు మనలో ఉన్నారు. కానీ వణికే చేతులతో వచ్చిన మనిషికి మనం సాధారణంగా ఇచ్చేది ఒక్క ఉపదేశం: “గట్టిగా అనుకుంటే మానొచ్చు.” ఇదీ మూఢనమ్మకమే. దేవుని స్థానంలో సంకల్పబలాన్ని కూర్చోబెట్టి, ఓడినవాణ్ణి బలహీనుడనడం కొత్తరకం పూజారితనం.

దేవుని పేరు లేకుండా మద్యాన్ని ఎదిరించడం మనకు తెలియని విద్య కాదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతులలో కూర్చున్న స్త్రీలు, సీతమ్మ అనే స్త్రీ కథను పాఠంగా చదివి, తమ ఇళ్ల కథలు ఒకరికొకరు చెప్పుకొన్నారు. అక్కడి నుంచే 1992లో దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది. 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. దుకాణం మూయించడంపైనే దృష్టి నిలిచింది, తాగేవాని పక్కన కూర్చునే ఏర్పాటు వెనుకబడింది. 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో మద్యం ముట్టనన్నది కూడా ఒకటి. దైవాలను పూజించనన్న ప్రతిజ్ఞలూ ఆ జాబితాలోవే. అంటే భక్తి లేకుండానే నియమం ఉండగలదు. ఉండవలసింది ఆ నియమాన్ని కలిసి మోసే మనుషులు.

ఏం చేయాలి?

నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ ప్రాంతాలలో కమ్యూనిటీ హాళ్లు, పాఠశాలలు, కార్మిక సంఘాల కార్యాలయాలు ఉన్నాయి. వారానికి రెండు సాయంత్రాలు, షిఫ్టు వేళలను బట్టి గంటన్నర చొప్పున ఒక గది ఇస్తే చాలు. పది కుర్చీలు, ఒక బోర్డు, టీ. గోడపై ఏ పటమూ అక్కరలేదు. సమావేశం తెలుగులో జరగాలి, కావాలంటే హిందీలో మరొకటి. కనీసం ఏడాదిగా మానివేసి నిలబడినవారు నడిపించాలి. స్త్రీలకు ప్రత్యేక వేళ ఉండాలి. మానసిక వైద్యుడో మనస్తత్వవేత్తో నెలకొకసారి వచ్చి అనుమానాలు తీర్చాలి.

డీ-అడిక్షన్ కేంద్రాలు ప్రార్థనను ఐచ్ఛికం చేసి, ఆ మాటను చేరిన రోజునే రోగికి చెప్పాలి. వైద్యులు ఏఏ చిరునామాతో పాటు లౌకిక బృందం చిరునామా కూడా చీటీపై రాయాలి. కార్మిక సంఘాలు బోనస్ కోసం పోరాడినంత పట్టుదలతో ఈ గది కోసం పోరాడాలి. ఆ బోనస్ వైన్ షాపుకు చేరకుండా ఆపేది ఈ గదే.

చివరగా ఒక వైద్య హెచ్చరిక. రోజూ అధికంగా తాగేవారు మాల కోసమైనా, హేతువాదం కోసమైనా ఒక్కసారిగా మానేయకూడదు. తొలి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ, తీవ్రమైన వణుకు వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. వైద్యుని పర్యవేక్షణలో, థయామిన్‌తో సహా తగిన మందులతో మానాలి. మాన్పించే మందును ఇంటివారు అన్నంలో రహస్యంగా కలపడం ప్రాణాంతకం. సలహా కోసం 14446 వ్యసన విముక్తి సహాయ సంఖ్యకు గానీ, టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు. ఆ సంఖ్యలు నొక్కే ముందు ఎవరూ ఏ దేవునికీ మొక్కనవసరం లేదు, మొక్కినా తప్పు లేదు.