సహచర ధర్మం

కలిమిలో తోడుండడం సులభం. దాంపత్యానికి అసలైన పరీక్ష రోగశయ్య చెంత ఎదురవుతుంది. మహాభారతం అరణ్యపర్వంలో సావిత్రి ధర్మబద్ధమైన మాటలతో యముని మెప్పించి భర్త ప్రాణాలను దక్కించుకొన్నది. నేడు ఆసుపత్రిలో తోడుండే వారికీ ఆ ధైర్యం, ఆ వివేకం అవసరం.

అత్యవసర చికిత్సా విభాగంలో రేయింబవళ్ళు వెలిగే దీపాలు, యంత్రధ్వనులు, నిద్రలేమి రోగి మనస్సును కలవరపెడతాయి. వృద్ధులు కొందరు పగలేదో రాత్రేదో ఎరుగక, అయినవారినే గుర్తింపలేక పోతారు. పరుషంగా మాట్లాడినా అది వ్యాధి లక్షణమని గ్రహించాలి. అప్పుడు చేయి పట్టుకొని ఆప్యాయంగా పలకరించడం, రోజును, చోటును నెమ్మదిగా గుర్తుచేయడం, కళ్ళజోడు అందించడం చికిత్సకు తోడ్పడతాయి. రోగికి పడని మందులను, పూర్వపు జబ్బులను కాగితంపై వ్రాసి వైద్యునికి చూపడం, తెలియని విషయాన్ని సంకోచింపక అడగడం కూడ సేవయే.

అయితే మన సమాజం సేవను ఉపవాస జాగరణగా భావిస్తుంది. వరండాలో పస్తుండి కన్నుమూయని ఇల్లాలిని మెచ్చుకొని వెళ్ళిపోతుంది. ఇది తగదు. అలసిన మనస్సు వైద్యుని మాటను సరిగా గ్రహించలేదు. ఆమెకు ఒక పూట విశ్రాంతినిచ్చి ఆ స్థానంలో కూర్చోవడం బంధుమిత్రుల ధర్మం. భార్య రోగియైనపుడు భర్తకూ ఇదే వర్తిస్తుంది. పండ్లు తెచ్చి పరామర్శించే పదిమందికంటె, "ఈ రాత్రి నేనుంటాను, మీరు కాస్త నిద్రపోండి" అనే ఒక్కరే ఆప్తులు.