గోడకు వ్రేలాడే ఎర్ర సిలిండరు

"ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినట్లు" అన్న సామెత వినని తెలుగువాడుండడు. బావి త్రవ్వినా నీరు పడునో పడదో తెలియని మన కల్వకుర్తి మెట్టసీమలో ఆ సామెతకు మరింత అర్థమున్నది. అయినను అగ్నిప్రమాదాల విషయంలో మనం నేటికీ ఆ బావి త్రవ్వేవారిగానే మిగిలిపోయాం.

మన కళాశాల వరండాలో ఒక ఎర్ర సిలిండరు గోడకు వ్రేలాడుతున్నది. ప్రతిదినం అందరం చూస్తాం, ఎవరమూ పరికించం. వానాకాలంలో నేను నా గొడుగును దాని కొక్కేనికే తగిలించేవాడిని. ఒకనాడు ప్రథమ సంవత్సరం విద్యార్థి ఒకడు, "సార్, మంట లేస్తే దీన్ని ఎట్ల వాడాలె?" అని అడిగాడు. ఎం.ఏ. పట్టా పొందిన నావద్ద సమాధానం లేకపోయింది. ఆనాటి సిగ్గే ఈ వ్యాసానికి ప్రేరణ.

2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది అసువులు బాశారు. వారు విద్యుత్తు సంగతి ఎరుగనివారు కారు, ఇంజనీర్లు, సిబ్బంది. సొరంగమంతా దట్టమైన పొగ కమ్మి, రక్షింప వెళ్ళినవారికి సైతం దారి లేకుండా చేసింది. 2025 మే 18 ఉదయం హైదరాబాదులో చార్మినారు చెంత, గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంట 8 మంది పిల్లలతో సహా 17 మంది మరణించారు. క్రింద దుకాణాలు, పైన నివాసం, రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. మంటకంటె ముందు ప్రాణం తీసేది పొగ అని ఈ రెండు ఘటనలూ చెబుతున్నాయి. కనుక పరికరం కంటె ముందు కావలసినది బయటపడే దారి.

"మాది చిన్న ఊరు, చిన్న కట్టడం" అనేవారున్నారు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో 94 మంది చిన్నారులను బలిగొన్న బడి ఆకాశహర్మ్యమేమీ కాదు. వంటశాల నిప్పు పూరికప్పుకు ప్రాకింది. ఇరుకు మెట్లు పిల్లలను బయటకు పోనీయలేదు. ఆ ఘోరం దరిమిలా 2009లో సుప్రీంకోర్టు, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా ఇమిడియున్నదని తేల్చి, పాఠశాలల్లో అగ్నిమాపక పరికరాలు, వాటిని వాడే శిక్షణ ఉండాలని ఆదేశించింది. బడికి వర్తించే న్యాయం కళాశాలకు వర్తించదా?

ఇక మన సంగతి. విద్యార్థులు తరగతులు ఎగవేయకుండా వెనుక మెట్ల ఇనుపజాలి తలుపుకు తాళం వేస్తున్నాం. హాజరు కాపాడదలచి ప్రాణాలను పణం పెట్టడం న్యాయమా? పాలకవర్గం వారికి నా విన్నపాలు నాలుగే. తరగతులు జరిగేవేళ ఆ తాళం తీసి, కావలసివస్తే అక్కడ ఒక మనిషిని నిలపాలి. సిలిండరుపై ఒత్తిడి సూచించే ముల్లు ఆకుపచ్చ గీతలో ఉన్నదో లేదో నెలకొకసారి చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఏటా ఒకసారి అగ్నిమాపక సిబ్బందిని పిలిపించి అందరిచేత అభ్యాసం చేయించాలి. సిలిండరుపై ఆంగ్లంలో ఉన్న సూచనలను ఉర్దూ, తెలుగు భాషలలో పెద్ద అక్షరాలతో ప్రక్కన వ్రాయించాలి. వీటికయ్యే వ్యయం స్వల్పం.

విద్యార్థులారా! పిన్ను లాగండి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టండి, పిడి నొక్కుతూ అటూ ఇటూ త్రిప్పండి. చిన్న మంటకే ఇది పనికివస్తుంది. అర నిమిషం లోపే ఖాళీ అవుతుంది. విద్యుత్తు మంటపై నీరు పోయవద్దు. వీలైతే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. పొగ కమ్మితే నేలకు వంగి బయటపడి, 101కు ఫోను చేయండి.

"తఖ్దీరులో ఉన్నది తప్పుతుందా?" అని కొందరంటారు. నిద్రించే ముందు ఇంట నిప్పును వదలిపెట్టవద్దని మన ప్రవక్త (స) పద్నాలుగు శతాబ్దాల క్రిందటే హెచ్చరించారు. జాగ్రత్త విశ్వాసానికి విరుద్ధం కాదు.

నా గొడుగుకు ఇప్పుడు వేరొక మేకు కొట్టించుకున్నాను. వెనుక మెట్ల తాళం మాత్రం ఇంకా వ్రేలాడుతున్నది.