పార్టులు మార్చారు, మాట వినలేదు

జబ్బేమిటో తేల్చకుండా మందులు మార్చుతూ పోయే డాక్టర్ని నిలదీస్తాం, కనీసం నిలదీయాలనుకుంటాం. కారు షెడ్డులో అదే పని జరిగితే మాత్రం పర్సు తీసి డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఇంజను మగవాళ్ళ శాస్త్రమని మనకి చిన్నప్పట్నుంచీ నూరిపోశారు మరి.

పాల్కురికి సోమన మీద పని చేస్తున్నాను కాబట్టి పాలకుర్తికి తరచూ వెళ్తాను. నాది సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు. బాగా వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఇరవై నిమిషాలు చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఏడు నెలల్లో ప్లగ్గులు మార్చారు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు, ఫ్యూయల్ పంపు మార్చారు, ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. ప్రతిసారీ 'ఇగ సెట్ అయింది మేడం' అన్నారు. షెడ్డుకి చేరేసరికి బండి చల్లబడి బుద్ధిగా నడిచేది కదా!

నేను ప్రతిసారీ ఒకటే చెప్పాను. ఆగేముందు కుదుపు లేదు, దగ్గు లేదు. బండి ఇంకా గేర్లోనే దొర్లుతుండగా ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతోంది. దానికొచ్చిన జవాబు: 'సార్ ఎవరన్నా ఉంటె ఫోన్ కలుపుండ్రి మేడం, సమజ్ చేస్త.' చాకలి ఐలమ్మ ఊళ్ళో నిలబడి ఈ మాట విన్నాను.

నేను చెప్పిన దాంట్లోనే రోగం పేరుంది. గేర్లో దొర్లే బండిలో చక్రాలు ఇంజన్ని తిప్పుతూనే ఉంటాయి. తిరుగుతున్న ఇంజను సున్నా చూపిస్తోందంటే ఆగింది తిరగడం కాదు, తిరుగుతున్నట్టు చెప్పే సంకేతం. చాలా పెట్రోలు కార్లలో ఆ సంకేతాన్ని క్రాంక్ సెన్సర్ పంపుతుంది. అది అందకపోతే కంప్యూటర్ పెట్రోలూ స్పార్కూ రెండూ ఆపేస్తుంది. వేడికి లోపలి కనెక్షన్ తెగి, చల్లబడితే కలిసే సెన్సర్లు ఉంటాయి. పెట్రోలు అందక ఆగే బండి సాధారణంగా ముందు కుదుపులిస్తుంది, బలం తగ్గుతుంది. కుదుపు లేదని నేను మొత్తుకుంటుంటే ఫ్యూయల్ పంపు ఎందుకు మార్చినట్టు?

అప్పుడప్పుడు మాత్రమే కనిపించే రోగానికి సాక్షి డ్రైవరొక్కరే. ఆ సాక్షి ఆడమనిషి అయితే సాక్ష్యం చెల్లదు. ఇక మిగిలేది ఊహ, ఆ ఊహకి బిల్లు.

స్కానర్ పెడితే అన్నీ తెలుస్తాయంటారు. స్కానర్ కోడ్ లక్షణం చెప్తుంది, మార్చాల్సిన పార్టు చెప్పదు. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదని. సిలిండర్‌కో కాయిల్ ఉన్న ఇంజన్లో ఒకటో కాయిల్ తీసి రెండోదానికి పెట్టి, రెండోదాన్ని ఒకటికి పెట్టి చూడాలి. కోడ్ పీ0302గా మారితే కాయిల్ దోషం. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, వైరింగో, కంప్రెషనో వెతకాలి. ఈ పరీక్షకి పైసా కొత్త సామాను అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ చేయరు!

1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కి కారు నడిపిన బెర్తా బెంజ్ పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తెరిచిందని మోటారు చరిత్రలన్నీ ముచ్చటగా చెప్తాయి. అది చమత్కారమా? బండి ఎందుకు ఆగిందో ఆమెకి తెలుసు. తెలిసింది కాబట్టే పిన్ను సరిపోయింది.

షెడ్డు దాటి మన శరీరాల దాకా రండి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అన్నీ అనవసరమని అనను. కానీ నడుం నొప్పి, తెల్లబట్ట అని చెప్పుకున్న ఆడవాళ్ళలో ఎంతమంది మాట పూర్తిగా విని, ఎన్ని పరీక్షలు చేసి 'తీసేద్దాం' అన్నారు? అక్కడ తీసింది తిరిగి బిగించలేరు.

ఇకనుంచి నా షరతులు నావి. నేను చెప్పింది జాబ్ కార్డు మీద నా మాటల్లోనే రాయాలి. ఏ పరీక్ష చేసి ఏ పార్టు పోయిందన్నారో రాయాలి. పాత పార్టు నా చేతికివ్వాలి.

చివరికి ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ 'ముల్లు ఎట్ల పడ్తది బిడ్డా?' అని అడిగి, స్కానర్ తగిలించుకుని నా పక్కన కూర్చుని బండి ఆగేదాకా వచ్చాడు. సెన్సర్ మార్చాడు. ఖర్చు ఫ్యూయల్ పంపు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. అంతకుముందు మార్చిన పార్టులు ఇమ్మని షెడ్డుకి వెళ్తే, పాత ప్లగ్గులు తప్ప ఏవీ దొరకలేదు.