డీఎంఆర్‌ఎల్ మన ఊళ్లోనే ఉండాలి

మేము ఎక్కే బస్సు రోజూ డీఎంఆర్‌ఎల్ చౌరస్తా మీదుగా పోతుంది. కండక్టర్ ఆ పేరు అరుస్తాడు, దిగేవాళ్లు దిగుతారు. ఆ అక్షరాలకు అర్థమేమిటని ఒకరోజు మాలో మేము అడుగుకుంటే పదిమందిలో ఇద్దరికి కూడా తెలియలేదు. రక్షణ శాఖ వారి లోహ పరిశోధన ప్రయోగశాల అని తెలిశాక కొంచెం సిగ్గేసింది. రోజూ చూసే గోడే కదా!

హైదరాబాద్ పెరిగిపోయింది, కంచన్‌బాగ్‌లో గజం భూమి బంగారమైంది, ఈ ల్యాబులను ఎక్కడికైనా దూరంగా పంపేస్తే రోడ్లు వస్తాయి, ఇళ్లు వస్తాయి అనే మాట టీ కొట్ల దగ్గర వింటుంటాం. మా గదుల్లోనూ ఆ వాదన నడిచింది. మేము దానికి ఒప్పుకోము.

క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఢిల్లీలో పుట్టి 1962లో ఇక్కడికి వచ్చింది. 1963లో డీఎంఆర్‌ఎల్ ఏర్పడింది. తరువాత 1970లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాలు పోతపోసే మిధాని వచ్చాయి. పరిశోధించేవారు, లోహం చేసేవారు, ఆయుధం బిగించేవారు ఒకే ప్రాంతంలో ఉన్నారన్నమాట. అర్జున్ ట్యాంకుకు వేసే కవచాన్ని డీఎంఆర్‌ఎల్ వారే తయారుచేశారు. దాని పేరు ‘కంచన్’. మన కంచన్‌బాగ్ పేరే! ఈ సంగతి తెలిసిన రోజు మా గదిలో చాలాసేపు అదే ముచ్చట.

ఊళ్లో ఉండడం వల్ల ఏమొస్తుందో అబ్దుల్ కలాం గారు తరచూ చెప్పిన ఒక సంఘటనలో ఉంది. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాం గారిని ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించారు. కొద్ది వారాల్లోనే 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ డాక్టరు, ఆ పిల్లలు, ఆ ప్రయోగశాల ఒకే ఊళ్లో ఉన్నారు కాబట్టి ఇది జరిగింది. ల్యాబు ఎక్కడో అడవిలో ఉంటే ఆ డాక్టరు ఆ ముక్కను ఎత్తి చూసేవాడా?

తరలిస్తే ఏమవుతుందో అమెరికాలో చూడవచ్చు. న్యూజెర్సీలోని ఫోర్ట్ మన్‌మత్ 1917 నుంచి సైనిక సమాచార పరిశోధనకు పెట్టింది పేరు. 1946లో చంద్రుడికి రాడార్ తరంగం పంపి తిరిగి అందుకున్నది అక్కడి పరిశోధకులే. 2005లో దాన్ని మూసేయాలని నిర్ణయించి, పనిని మేరీల్యాండ్‌కు మార్చి, 2011లో తాళం వేశారు. అనుభవమున్నవాళ్లు ఎందరో ఇల్లూ పిల్లల చదువూ వదిలి వెళ్లలేక ఉద్యోగమే మానుకున్నారు. యంత్రాలను లారీల్లో ఎక్కించవచ్చు గానీ, ముప్పై ఏళ్ల పనితనాన్ని ఎట్లా ఎక్కిస్తారు? ఇప్పుడా స్థలంలో సినిమా స్టూడియో కడుతున్నారు.

ప్రమాదం సంగతేమిటని మా మిత్రుడొకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జనం మధ్య చేయకూడని పనులు ఉంటాయి. అగ్నిని 1989లో ఒరిస్సాలోని చాందీపూర్ తీరం నుంచి ప్రయోగించారు, కంచన్‌బాగ్ నుంచి కాదు. అపాయమైన పరీక్షలు దూరంగానే జరగాలి. ఆలోచన, లెక్క, లోహం మాత్రం ఊళ్లో ఉండాలి.

మాకు ఇందులో స్వార్థం లేదా అంటే ఉంది. మాలో సగం మంది ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవాళ్లం. ఈ ప్రయోగశాలలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. పది, ఐటీఐ పాసైనవారికి టెక్నీషియన్ పోస్టులూ ఉంటాయి. కానీ ఆ ప్రకటన మా నోటీసు బోర్డుకు చేరేసరికి గడువు దాటిపోతుంది, లేదా అసలు చేరదు. నెల్లూరు జిల్లా మహిమలూరులో పుట్టి అనంతపురంలో చదివిన సతీష్‌రెడ్డి గారు 1986లో ఇక్కడ చేరి, 2018లో డీఆర్‌డీఓకే ఛైర్మన్ అయ్యారు. పల్లె నుంచి వచ్చినవారికి ఆ గేటు మూసి లేదు. గేటు పక్కనే ఉండే మాకు మాత్రం దారి చెప్పేవారు లేరు.

అందుకే వచ్చే ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవానికి, ఒక శాస్త్రవేత్తను మన హాస్టల్‌కు పిలిపించమని వార్డెన్ సారును అడిగాం. ఉత్తరం మేమే రాశాం. రహస్యాలేవీ అడగబోమని కూడా అందులో రాశాం. ఇనుము ఎందుకు విరుగుతుందో, ఎట్లా చేస్తే విరగదో చెబితే చాలు.