వంతపాట

మన భాషలో 'వంత పాడటం' ఒక నింద. బుర్రకథలో ఇద్దరు వంతలు లేనిదే కథ నడవదన్న సంగతి మరచి, ఆ మాటను భజనపరులకు అంటగట్టాము.

టెనెసీలో మా ఊరి కంట్రీ సంగీత పోటీలో మిత్రుడు పాడగా నేను గిటారు మీటుతూ వంత పలికాను. రెండవ చరణంలో అతడు పదం మరచాడు. నేను నా స్వరం విడిచి అతడి వరుస అందుకున్నాను, అతడు తేరుకున్నాడు. బహుమతి రాలేదు. పైగా ఒక న్యాయనిర్ణేత అతడిని పక్కకు పిలిచి, వచ్చే ఏడాది ఒంటరిగా రమ్మన్నాడు. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు మిత్రుడు నా ముఖం చూడలేదు.

ఆ సలహా తప్పని నా అభిప్రాయం. 1927 ఆగస్టులో మా రాష్ట్రపు సరిహద్దు పట్టణం బ్రిస్టల్‌లో కార్టర్ కుటుంబం తొలి రికార్డులు ఇచ్చినప్పుడు, సారా ప్రధాన గాయని. 18 ఏళ్ల మేబెల్ గిటారుతో, వంతగళంతో తోడు నిలిచింది. ఆమె గిటారు బాణీని నేటికీ అభ్యసిస్తున్నారు. అదే వారం, అదే చోట, తోటివారితో తగవుపడిన జిమ్మీ రోజర్స్ ఒంటరిగా పాడి ప్రఖ్యాతుడయ్యాడు, అదీ నిజమే.

మిత్రుడు ఒంటరిగా వెళ్తానంటే అడ్డు చెప్పను. కానీ జంటగా పాడేవారికి వేసే మార్కులలో వంతకూ కొన్ని ఉండాలి. మీరేమంటారు?